ఒక్కటే ఉందంటే భయం

జనార్దనరావు గారికి ‘ఒక్కటే ఉంది’ అన్న మాట వినిపిస్తే చాలు, గుండె దడ మొదలవుతుంది. కుక్కల్ని చూసి భయపడేవాళ్లుంటారు, మేనేజర్లను చూసి భయపడేవాళ్లుంటారు. ఈయన ఒంటరి తాళంచెవిని చూసి భయపడతారు. జర్మనీలోని ఎష్‌బోర్న్‌లో మా పై అంతస్తు. కాకినాడ మనిషి, యాభై దాటాయి, పెళ్లీ పెటాకులూ లేవు. ఏ వస్తువు గురించి చెప్పినా ఆయన మొదటి ప్రశ్న, “రెండోది ఉందాండీ?”

మేం ఇంట్లో దిగిన రోజు నేను పరుపు నెత్తిన పెట్టుకుని మెట్లెక్కుతుంటే ఎదురొచ్చి పరిచయం చేసుకున్నారు.

“తాళాలు ఎన్నిచ్చారండీ?”

“రెండు సార్.”

“ఎక్కడున్నాయి?”

“రెండూ నా జేబులోనే.”

“అయ్యో, అయితే ఒక్కటే అనుకోండి,” అని పరుపు రెండో కొస పట్టుకున్నారు. ఆ కంగారులో నా కాలు రెండుసార్లు తొక్కారు కూడా.

మా ఆవిడ ఉదయశ్రీని కూడా ఆయన వదల్లేదు. పెళ్లి ఫోటోలు ఎక్కడ దాచావమ్మా అనడిగారు.

“ఫోన్ల ఉన్నయి అంకుల్.”

“ఫోన్ పోతే?”

“ఆన్‌లైన్‌ల గూడ ఉన్నయి.”

“పాస్‌వర్డ్ మర్చిపోతే?”

“ఈయనకు యాదికుంటది.”

“ఈయన పోతే?”

నా చేతిలో టీ కప్పు అలాగే ఆగిపోయింది. ఆయన మాత్రం నిజంగానే దిగులుపడి నావైపు చూస్తున్నారు. ఆ రాత్రి ఉదయశ్రీ పాస్‌వర్డ్‌లన్నీ కాగితం మీద రాయించుకుంది. నాకు నచ్చలేదు గానీ ఏమనగలను?

ఇలాంటి మనిషికి ఎష్‌బోర్న్‌లో ఏదో ఆఫీసు ఖాళీ చేస్తూ పారేస్తున్న పాత డబ్బా ఒకటి దొరికింది. నెట్‌వర్క్ స్టోరేజ్ అంటారు. లోపల రెండు డిస్కులుంటాయి. ఇంటి వైఫైకి కలిపితే ఇంట్లోని ఫోన్లూ లాప్‌టాపులూ తమ ఫైళ్లన్నీ అందులో దాచుకోవచ్చు. ఒక డిస్కులో పెట్టింది రెండో డిస్కులోకి దానంతటదే కాపీ అవుతుంది. ఈ సంగతి తెలిసినప్పుడు ఆయన కళ్లలో వెలుగు మీరు చూడాల్సింది. కాకపోతే డబ్బాకి పదిహేనేళ్లు. తయారుచేసిన కంపెనీ దాన్ని ఎప్పుడో వదిలేసింది.

“కొత్త లాప్‌టాప్ దీంతో మాట్లాడనంటోందండీ. పాత పద్ధతులు, ప్రమాదం అంటోంది.”

“నిజమే కదా సార్.”

“నిజమేనండీ. అందుకే భయం.”

ఆ భయంతోనే మూడు వారాంతాలు కూర్చున్నారు. పాత సాఫ్ట్‌వేర్ తుడిచేసి లినక్స్ ఎక్కించారు. అరిగిపోయిన ఫ్యాన్ మార్చారు. కొత్త డిస్కులు కొని, వాటినీ నమ్మక, ఒక్కోదాన్నీ రెండ్రోజులు ఏకధాటిగా పరీక్షించారు. ఊడదీసిన స్క్రూలు ఇడ్లీ ప్లేటు గుంటల్లో వరసగా పెట్టుకున్నారు. చివరికి పచ్చలైటు వెలిగితే నేను చప్పట్లు కొట్టాను. ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. ఇంత సులువుగా వెలిగిందంటే ఎక్కడో ఏదో ఉందట.

“దీనికి బయటి ఇంటర్నెట్ తగలనివ్వకూడదండీ. గడప దాటనివ్వను,” అన్నారు, ఈడొచ్చిన పిల్ల తండ్రిలాగా.

కొత్త ఫ్యాన్ వేసినా డబ్బా మోత తగ్గలేదు. ఆ మోత మా పడకగదిలోకి వస్తోందని గొడవపెట్టింది నేనే. దాంతో డబ్బా మా కెల్లర్‌లోకి దిగింది. కెల్లర్ అంటే ప్రతి ఫ్లాటుకీ నేలకింద ఇచ్చే సామాన్ల గది. ఆయన గదిలో చెమ్మ, మాది పొడిగా ఉంటుంది. మా కెల్లర్ తాళంచెవి ఒకటి ఆయనకిచ్చాను. ఆ రోజే, “మీ కాగితాలు కూడా ఇందులో వేస్తానండీ?” అని వెంటపడితే, వదిలించుకోవడానికి లాప్‌టాప్‌లో ఉన్నవన్నీ పెన్‌డ్రైవ్‌లో పోసిచ్చి, కొన్నాళ్లకి ఆ సంగతి మర్చిపోయాను.

మొన్న శరదృతువులో మెట్ల దగ్గర బోర్డు మీద నోటీసు పడింది. కెల్లర్‌లో మోత వస్తోందని ఫిర్యాదు, శుక్రవారం తనిఖీ, అనుమతిలేని కరెంటు సామాను దొరికితే చర్య. ఫోన్లో రెండుసార్లు అనువాదం చేసుకుని చదివాను. రెండుసార్లూ ఒళ్లు చల్లబడింది. జర్మనీలో ఉద్యోగం పోయినా ఇంకోటి దొరుకుతుంది, ఇల్లు పోతే దొరకదు. ఇల్లు పోతే అన్మెల్డుంగ్, అంటే అడ్రసు నమోదు, పోతుంది. అడ్రసే లేనివాడికి పర్మనెంట్ రెసిడెన్స్ ఎవరిస్తారు? దానికోసం తొమ్మిది నెలలు ఎదురుచూస్తే దొరికిన టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, వచ్చే సోమవారమే. జనార్దనరావు గారి జబ్బు నాకూ అంటుకుందని అప్పుడు అర్థమైంది.

ఆయనకు చెప్పాల్సింది. చెబితే ఆయన వణుకుతారు, ఆ వణుకు మళ్లీ నాకే వస్తుందని చెప్పలేదు. బుధవారం సాయంత్రం డబ్బా ప్లగ్ పీకి, పాత కర్టెన్‌లో చుట్టి, రోడ్డు పక్కన పెట్టేశాను. మర్నాడు మా వీధిలో పాత సామాన్లు ఎత్తుకెళ్లే బండి వచ్చే రోజు. అక్కడ కరెంటు వస్తువులు పెట్టకూడదు, దానికి ఇంకో భయం. విరిగిన కుర్చీకీ ఎవరిదో పరుపుకీ మధ్య దాన్ని దూర్చి, శవాన్ని పారేసినవాడిలా అటూ ఇటూ చూసుకుంటూ వచ్చాను. ఆ రాత్రి హాల్లో లైటు వేసుకునే పడుకున్నాను.

గురువారం పొద్దున ఎనిమిదిన్నరకి ఇమిగ్రేషన్ ఆఫీసు నుంచి మెయిల్. సోమవారం వచ్చేటప్పుడు పాత కంపెనీలో పద్నాలుగు నెలలు పనిచేసినట్టు కాంట్రాక్టు, సర్టిఫికెట్టు తేవాలి, లేకపోతే దరఖాస్తు ముందుకు కదలదు. ఆ కంపెనీ మూతపడి రెండేళ్లయింది. అడగడానికి అక్కడ పురుగు కూడా లేదు.

“పరేషాన్ ఎందుకు?” అంది ఉదయశ్రీ. “పాత లాప్‌టాప్ కంపెనీకి వాపస్ ఇచ్చేటప్పుడు అన్ని కాగితాలు అంకుల్ డబ్బాల ఉన్నయి అన్నరు గద.”

నేను చెప్పుల్లేకుండా కిందికి పరిగెత్తాను. బండి వచ్చి వెళ్లిపోయింది. కుర్చీ లేదు, పరుపు లేదు, డబ్బా లేదు. తడిసిన పేవ్‌మెంటు మాత్రం ఉంది. నా చేతులతో నేనే నా కొంప కూల్చుకున్నాను.

ఎలా చెప్పాలో తెలియకుండానే పై అంతస్తు బెల్లు కొట్టాను. ఆయన తలుపు తీశారు. తలమీద నాలుగు వెంట్రుకలు లేవు, చేతిలో హెయిర్ డ్రయర్. లోపల టేబుల్ మీద, తువ్వాలు పరిచి, పైమూత విప్పిన మన డబ్బా.

“క్షమించాలి రవీంద్ర గారూ,” అన్నారు నేను నోరు తెరవకముందే. “నోటీసు చూసి భయమేసి, మీకు చెప్పకుండా నేనే కెల్లర్ నుంచి తెచ్చేశాను.”

“తడిసిందేం సార్?”

“మెట్ల మీద... నీళ్లు ఒలికాయండీ.”

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అబద్ధం చెప్పడం కూడా సరిగా రాని మనిషి. నేను మాత్రం నిజం చెప్పే ధైర్యం లేక నోరు మూసుకున్నాను. అంత సిగ్గు నా జీవితంలో ఎప్పుడూ పడలేదు.

మధ్యాహ్నం దాకా ఆరబెట్టి, ప్లగ్ పెట్టారు. ఒక డిస్కు టకటకమని కొట్టుకుని ఆగిపోయింది. రెండోది తిరిగింది. తెరమీద ఫోల్డర్లు వచ్చాయి. ‘రవీంద్ర-ఉదయశ్రీ’, ‘మసూద్ ఫ్యామిలీ’, మొదటి అంతస్తు జర్మన్ ముసలావిడ పేరు, బిల్డింగులో అందరి పేర్లూ ఉన్నాయి.

“మీ ఫోల్డర్ ఏది సార్?”

“నాకేం ఉన్నాయండీ దాచుకోడానికి,” అని నా కాంట్రాక్టూ సర్టిఫికెట్టూ ప్రింటు తీశారు.

మర్నాటి తనిఖీలో మా కెల్లర్‌లో ఊరగాయ జాడీలు తప్ప ఏమీ దొరకలేదు. సోమవారం టెర్మిన్‌లో ఆఫీసరమ్మ కాగితాలు తిరగేసి, కంప్యూటర్‌లో ఏదో కొట్టి, కార్డు ఇంటికి పంపిస్తామంది. ఇంటికొస్తుంటే గేటు దగ్గర మసూద్ కలిశాడు. కింది ఫ్లాటు, విమానాశ్రయంలో ఉద్యోగం.

“జనార్దన్ సాబ్ షేర్ భాయ్, పులి,” అన్నాడు. “ఆయన భయస్తుడని ఎవరన్నరు? గురువారం పొద్దుగాల డ్యూటీ నుంచి వస్తున్న, వాన పడుతుంది. సామాన్ బండి కంటే ముందే ఇనుము ఏరుకునే వ్యాన్ వచ్చింది. ఇంత లావు మనుషులు ఇద్దరు, డబ్బా లోపల ఏసిన్రు. సాబ్ లుంగీ మీద ఉరికొచ్చి వ్యాన్ ముందట నిలబడ్డడు. కాళ్లు గజగజ వణుకుతున్నయి, బిట్టె, బిట్టె అని బతిలాడుతున్నడు, జరుగుతలేడు. వాళ్లే ఇచ్చేసిన్రు.”

“డబ్బా అక్కడుందని ఆయనకెట్ల తెలుసు?”

“ముందు రోజు ఎవరో పెడుతుంటే బాల్కనీల నుంచి చూసిండట. ఎవరు అంటే చెప్పలే.”

నేను లిఫ్టు కోసం ఆగలేదు. పైకెళ్లి, నిలబడే, అంతా ఒప్పుకున్నాను. ఆయన నేలచూపులు చూస్తూ విన్నారు.

“తెలుసండీ. మీరు పడుకున్నాక తీసుకొద్దామనుకున్నాను. మీ హాల్లో లైటు ఆరుతుందేమోనని చూస్తూ కుర్చీలోనే నిద్రపోయాను.”

“మరి నన్నడగలేదేం సార్? నాలుగు తిట్టాల్సింది.”

“భయమేసిందండీ.”

“నేనంటే భయమా?”

“అడిగితే మీరు సిగ్గుపడి, రేపట్నుంచి మెట్ల మీద నన్ను చూసి తప్పుకుంటారేమోనని. డబ్బా పోతే ఇంకోటి ఏరుకొస్తానండీ. మీరు మాట్లాడటం మానేస్తే, మీలాంటివాళ్లని ఏ ఆఫీసువాళ్లు బయట పారేస్తారు, నేను తెచ్చుకోడానికి?”

“చచ్చినా మానను సార్,” అన్నాను.

ఆయన లోపలికెళ్లి తెల్లకాగితం ఒకటి తెచ్చారు. “ఆ మాట కాస్త కాగితం మీద రాసిస్తారాండీ?”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు, పెన్ను తెచ్చారు. రాసిచ్చాను. తేదీ వేయమన్నారు, వేశాను. కింద సంతకం కూడా పెట్టాక గానీ ఆయన నన్ను కూర్చోమనలేదు.