ఎమిల్ వాస్లర్ నూనె రాసిన బంతులు

ఎమిల్ వాస్లర్ గుర్రపు జీన్లు కుట్టేవాడు. అమెరికాలో, అయోవా రాష్ట్రంలో మా పొలాల్లోకి ట్రాక్టర్లు వచ్చాక ఆయన కొట్టు మూతబడింది. యాభై ఎనిమిదో ఏట మా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు సామాను గదిలో చేరాడు. బూట్లు కుట్టేవాడు, తోలు భుజకవచాలు మా ఒంటికి సరిపడేలా బిగించేవాడు. "ఊపిరి పీల్చు. ఇంకా పీల్చు. సరే, ఇక పో, గడ్డి మేసిరా" అనేవాడు.

1951లో నేను ఆ జట్టులో హాఫ్‌బ్యాక్‌ని. బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తడం నా పని. అందుకే నాకు ఫీజు లేదు, భోజనం ఉచితం. జట్టులో చోటు పోతే చదువు పోయినట్టే. ఇంటికెళ్లి మా నాన్నతోపాటు పందులకు మొక్కజొన్న పోసుకోవాలి.

మొదటి రెండు ఆటలూ గెలిచాం. మూడోది మా మైదానంలోనే, వానలో జరిగింది. నా చేతుల్లోంచి బంతి నాలుగుసార్లు జారింది, ఓడిపోయాం. అవతలివాళ్లకూ రెండుసార్లు జారింది గానీ, గెలిచినవాళ్ల తప్పులు ఎవరు గుర్తుపెట్టుకుంటారు? సోమవారం గడ్డం గీయించుకోడానికి వెళ్తే మంగలి, "భయపడకు లైల్, నా చేతిలో కత్తి జారదులే. నేను హాఫ్‌బ్యాక్‌ని కాదుగా" అన్నాడు. అందరూ నవ్వారు.

కోచ్ ప్రేథర్ నవ్వలేదు. "ఈ వారం బెంచీ మీద కూర్చో. నీ ఫీజు సంగతి డీన్ గారితో మాట్లాడాల్సి రావచ్చు" అన్నాడు.

మంగళవారం జట్టంతా సమావేశమైనప్పుడు ఎమిల్ టోపీ తీసి లోపలికొచ్చాడు. చంకలో ఒక బంతి ఉంది.

"కోచ్ గారూ, శుక్రవారం మబ్బు చూసి బంతులన్నిటికీ నూనె పట్టించాను. జీనుకి రాసినట్టే, వాన నీళ్లు తాగకుండా. ఈ కుర్రాడి చేతుల్లో తప్పేం లేదు. తడిపి మీరే పట్టుకుని చూడండి."

కోచ్ బంతిని కుళాయి కింద తడిపి, చంకన పెట్టి పరిగెత్తాడు. మూడో అడుగులో అది జారి బెంచీ కిందికి దొర్లింది.

"మీవల్ల ఒక ఆట పోయింది, ఎమిల్ గారూ. చెప్పకపోతే ఎవరికీ తెలిసేదే కాదుగా?"

"వీడు బెంచీ మీద కూర్చున్నాడు కదండీ" అని ఎమిల్ సామాను గది తాళంచెవులు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. కోచ్ ఆపలేదు.

ఎమిల్ బదులు వచ్చినతను దుకాణంలో పనిచేసిన మనిషి, కుట్టుపని రాదు. గురువారానికల్లా మా జట్టులోని గస్ మెడ కవచం రాసుకుని ఒరుసుకుపోయింది, నా బూటు అడుగు ఊడింది. "పదండ్రా" అన్నాడు గస్. పదకొండుమందిమీ కవచాలు భుజాన వేసుకుని, రైలు పట్టాలు దాటి ఎమిల్ ఇంటికెళ్లాం.

"అమ్మో, ఎద్దుల మందే వచ్చింది!" అంది ఆయన భార్య లీనా. "బూట్లు బయటే విప్పండి. ఒరే పొడుగోడా, తల వంచు, తలుపు పైకమ్మీ తగుల్తుంది!"

ఎమిల్ వంటింటి బల్ల మీద నా బూటు కుడుతుండగా కోచ్ కారు ఆగింది. ఖాళీ మైదానం చూసి వెతుక్కుంటూ వచ్చాడు. గుమ్మంలోకొచ్చి అడిగాడు.

"ఆ బంతులేం చెయ్యాలి ఎమిల్ గారూ?"

"పారేసి కొత్తవి కొనండి. కొత్తవాటిని నేను ముట్టను."

"ముట్టాలి. పొడిగుడ్డతో తుడవాలి, అంతే. రేపు ఏడింటికి రండి. శనివారం లైల్‌ని ఆడిస్తున్నాను."

ఆ సీజన్లో తొమ్మిది ఆటల్లో అయిదు గెలిచాం. ఎవరూ గుర్తుపెట్టుకునేంత జట్టు కాదు. నా చదువు మాత్రం పూర్తయింది. ఎమిల్ మాట్లాడకుండా ఉంటే తప్పు నా చేతులదేనని నేనూ నమ్మి ఊరుకునేవాణ్ని.

ఎమిల్ తిరిగొచ్చిన మర్నాడు, శనివారం, మైదానంలోకి దిగేముందు ఆయనతో "థాంక్స్ పెద్దాయనా" అన్నాను.

"మాటలాపి పరిగెత్తు" అన్నాడు.

బంతి చేతికందిన మొదటిసారే, జారనివ్వకుండా పదకొండు గజాలు పరిగెత్తాను.