పేర్లు పడేదాకా

నాకు కోపం ఎక్కువని మా అశోక్ నగర్ ఇంట్లో అందరూ అంటారు. ఈ సినిమా విషయంలో మాత్రం నా కోపానికి కారణం ఉంది.

లండన్ నుంచి ఒక నిర్మాత వచ్చి నారాయణగూడ మార్కెట్లో మూడు వారాలు షూటింగ్ చేసింది. అరవై దాటిన ఇంగ్లీషావిడ. దుకాణాల వాళ్లను ఒప్పించడం, పోలీసు పర్మిషన్లు తేవడం, ఫ్లైఓవర్ కింద బళ్లు ఆపించడం, అన్నీ నా పని. బతిమాలీ బతిమాలీ నా గొంతు పోయింది.

భోజనాల దగ్గర ఆవిడ తన కథ చెప్పేది. పద్దెనిమిదేళ్లకు సెట్లో టీలు అందిస్తూ మొదలుపెట్టిందట. ఏడాది చాకిరీ చేసిన ఆ మొదటి సినిమాలో ఆవిడ పేరు వేయలేదట. నిర్మాతనయితే టీ ఇచ్చిన మనిషి పేరు కూడా వదలనని అప్పుడే ఒట్టు పెట్టుకుందట. ఏ థియేటర్‌కు వెళ్లినా ఆఖరి పేరు పడేదాకా కుర్చీలోంచి లేవదట. నా పేరు స్పెల్లింగ్ రెండుసార్లు రాయించుకుంది. నేను మురిసిపోయి ఆ సంగతి నాన్నకు చెప్పాను. బుద్ధి తక్కువ పని.

ఎందుకంటే నాన్నది ఎప్పుడూ ఒకటే మాట. "పదేండ్ల సంది సినిమాలల్ల చేస్తున్న అంటవు. ఒక్కదాంట్లనన్న నీ పేరు పడ్డదా?" పడలేదు.

సినిమా చిక్కడపల్లి థియేటర్‌కు వచ్చింది. నాన్నను తీసుకెళ్లాను. కథ అయిపోగానే లైట్లు వేసి, తలుపులు తీసి, పేర్లు మొదలుకాకముందే బొమ్మ ఆపేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. నేరుగా మేనేజర్ గదికి వెళ్లాను.

"ఇంగ్లీషోళ్ల పేర్లు ఎవరు చూస్తరక్కా? గేటు తీయకపోతే పబ్లిక్ లొల్లి చేస్తది," అన్నాడు.

అరిచాను, తర్వాత బతిమాలాను. మర్నాడు మ్యాట్నీకి పూర్తిగా వేస్తానని ఒప్పుకున్నాడు.

మర్నాడు కథ అయిపోగానే అందరితోపాటు నాన్న కూడా లేచాడు. "నడువు, స్కూటర్ ఇరుక్కుంటది."

చొక్కా పట్టి కూర్చోబెట్టాను. ఖాళీ హాల్లో మేమిద్దరం, చీపురుతో ఒకామె. పేర్లు మొదలయ్యాయి. హైదరాబాద్ వాళ్ల జాబితా వచ్చింది. వంటవాళ్లు, డ్రైవర్లు, అందరూ ఉన్నారు. నేను లేను. కృతజ్ఞతల్లో నిర్మాత కుక్క పేరు కూడా ఉంది. తెర నల్లబడేదాకా చూశాను. నేను లేను.

నాన్న నా చెయ్యి నొక్కాడు. "చూసిన బిడ్డా. మంచిగ పడ్డది."

ఎవరి పేరు చూసి నాదనుకున్నాడో, అసలేమీ కనబడలేదో, నా ముఖం చూసి అలా అన్నాడో తెలియలేదు. బయట పార్కింగ్ అతనికి కూడా చెప్పాడు, లోపల మా బిడ్డ పేరు పడ్డదని.

ఇంటికి రాగానే లండన్ ఆవిడకు మెయిల్ రాయడానికి కూర్చున్నాను. నా పేరు ఎందుకు లేదు, అని ఒక్క వాక్యం రాశాను. పక్కగదిలో నాన్న ఫోన్లో మా మేనత్తతో మాట్లాడుతున్నాడు.

"తెల్ల అక్షరాలక్కా. నేను కండ్లార చూసిన."