నూన్ అనే మాట

చిట్టీ, నువ్వు పోయావని బడికి కబురు చెప్పడానికి మీ నాన్నే వెళ్లారు. పిల్లలు వసారాలో పలకలు పట్టుకుని కూర్చున్నారట. "పంతులమ్మగారికి జ్వరం తగ్గిందాండి?" అని అడిగారట. ఆయన తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని నిలబడిపోయారు. పిల్లలకి అర్థమైపోయింది.

ఈ నాలుగు మాటలూ చదివే తల్లులకీ అక్కలకీ నా దణ్ణాలు. నాకు చదువు తక్కువ. ఆదివారం గుడిలో పాటలు చూసి పాడుకోవాలని మా అమ్మాయే నాకు అక్షరాలు నేర్పింది. దాని గురించి రాయడానికి అది నేర్పిన అక్షరాలే వాడుతున్నాను. తప్పులుంటే నావి.

మాది నిడదవోలు కాలవ గట్టున ఒక ఊరు. ఒకరి పొలంలో పనిచేసుకుని బతికే ఇల్లు. మా ఇంటాయన పొలం నుంచి వచ్చేసరికి పొద్దు వాలేది. ఆయన తిన్నాకే నేను తినడం మా అత్తగారి నాటి నుంచీ అలవాటు. పొద్దున్న తాగిన గంజి మీదే అప్పటిదాకా ఉండేదాన్ని.

మా అమ్మాయి మిషను దొరసానిగారి దగ్గర చదువుకుని, కాలవ అవతల బడిలో పంతులమ్మ అయింది. ఒక సెలవునాడు నేను చేపలు తోముతుంటే పక్కన చతికిలబడి, "అమ్మా, ఇంగ్లీషులో నూన్ అని ఒక మాటుంది. మిట్టమధ్యాహ్నం అని. పూర్వం దానర్థం అది కాదట" అంది.

"మాటకి అర్థం మారడమేంటే? అదేమన్నా మనిషా?"

"వినవే మరి."

దొరల సీమలో పూర్వం పొద్దు పొడిచిన దగ్గర్నుంచి గంటలు లెక్కపెట్టుకునేవారట. తొమ్మిదో గంట అంటే పొద్దు వాలే వేళ. తొమ్మిదోది అనడానికి వాళ్ల పాత గుడి భాషలో నోనా అనేవారట. ఆ మాటే అరిగి అరిగి నూన్ అయింది. మఠాల్లో ఉండే సన్యాసులు ఉపవాసం నాడు ఆ వేళ ప్రార్థన అయితేగాని ముద్ద ముట్టేవారు కాదట.

"మరి మిట్టమధ్యాహ్నానికి ఎలా వచ్చింది?" అన్నాను.

"ఎవరూ గట్టిగా చెప్పలేరు. పాపం, ఆకలికి ఆగలేక ప్రార్థననే ముందుకి జరుపుకున్నారని కొందరంటారు. దాంతోపాటు పేరూ జరిగింది. అంత నిష్ఠగా ఉండేవాళ్లే జరిగారు. నువ్వు జరగలేవా?"

నాకు నవ్వొచ్చింది. "వాళ్లకి మొగుళ్లు లేరు కదే, జరిగారు" అన్నాను.

గుమ్మంలో తాడు పేనుకుంటున్న మా ఇంటాయన విన్నారు. "నా కోసం ఆగమని నేనెప్పుడు చెప్పానే? నా వాటా ఉట్టి మీద పెట్టి తినెయ్యి."

"పెడితే పిల్లి తింటుంది."

"అయితే మనింట్లో పిల్లి కూడా వేళకే తింటుందన్నమాట. నువ్వే తినవు" అంది మా అమ్మాయి.

ఆ రోజు నుంచి మా తల్లీకూతుళ్లిద్దరికీ ఒక ఒప్పందం. బడిలో మధ్యాహ్నం గంట అదే కొట్టేది. అందరికీ కొట్టవలసింది కొట్టి, కాస్త ఆగి, ఇంకొక్క దెబ్బ కొట్టేది. "ఆ ఒక్కటీ నీది" అనేది. అది కాలవ దాటి వినపడితే చేతిలో చీపురు అక్కడే పడేసి కంచం ముందేసుకునేదాన్ని. సాయంత్రం వచ్చాక "తిన్నావా?" అని అడిగేది కాదు. అలా అడిగితే ఊఁ అనేస్తానని దానికి తెలుసు. "ఏం తిన్నావు?" అని అడిగేది.

వానల్లో దానికి జ్వరం తగిలింది. మంచం మీద కళ్లు తెరవలేకపోయినా బడి గంట వినపడితే నా చెయ్యి మెల్లగా తోసేది, వెళ్లమని. దాని మంచం పక్కనే కూర్చుని, అది వింటుందని, కంచం చప్పుడు చేస్తూ తినేదాన్ని.

ఇప్పుడు వేరే అమ్మాయి గంట కొడుతోంది. బాగానే కొడుతోంది. అది ఆగాక ఇంకో దెబ్బ ఉండదు. ఆ లేని దెబ్బ కోసం చెవులు రిక్కించి కూర్చుంటే పొద్దు వాలిపోయేది. కుండలో అన్నం కుండలోనే ఉండేది.

మొన్న మా ఇంటాయన మధ్యాహ్నమే వచ్చేశారు, కాళ్ల మట్టి కూడా కడుక్కోకుండా. గంట మోగి ఆగింది. ఎన్నడూ వడ్డించి ఎరగని మనిషి, కంచంలో అన్నం పెట్టి పులుసు పోసి నా ముందు పెట్టారు. నేను కదల్లేదు. ఆయన చేతిలో ఉన్న గరిటెతో కంచం అంచు మీద ఒక్కటి కొట్టారు.

"ఇది నీది" అన్నారు.

తిన్నాను. ఆయన ఇంకో గరిటెడు పెట్టారు.

మీరూ వేళకి కడుపు నిండా తినండమ్మా.