ఎవరి పేజీ వారికి

ప్యో గ్యూరి రాసేది ఎవరూ చదవరని ఆఫీసులో అందరికీ తెలుసు, ఆమెకు తప్ప. కంప్యూటర్‌లో 'సహాయం' అనే మీట నొక్కితే వచ్చే పేజీలు రాయడం ఆమె ఉద్యోగం. అందరికీ కలిపి ఒకే లావుపాటి పుస్తకం పడేయడమంటే ఆమెకు ఒళ్లుమంట. తూకం వేసేవాళ్లకు తూకం, వేలం వేసేవాళ్లకు ధర, గుమాస్తాలకు లెక్కలు, ఎవరి పేజీ వారికే రావాలని యజమానితో పోట్లాడి మరీ సాధించింది. ఇక ఎవరి పేరుతో మిషన్ తెరిస్తే వాళ్ల పనికి తగ్గ సహాయమే కనబడుతుంది.

తోంగ్యాంగ్ రేవులోని ఆల్చిప్పల వేలంశాలలో ఆమె కంపెనీ ప్రోగ్రాంకూ, అందులోని ఆ పేజీలకూ ఇవాళే పరీక్ష. సీజన్‌లో తొలి వేలం. శాల పెద్ద తాక్ ఒకటే షరతు పెట్టాడు.

"అమ్మాయ్, నువ్వు రోజూ వచ్చి కూర్చోవుగా. ఇవాళ ఏం జరిగినా నోరు తెరవకు. మావాళ్లు నీ పేజీలు చూసుకుని నెట్టుకొస్తే సరి. లేదంటే రేపట్నుంచి మళ్లీ పలకా సుద్దముక్కే."

గ్యూరికి కాళ్లు నేలమీద నిలవడం లేదు. పొద్దున కొనుక్కున్న గింబాప్ అన్నం చుట్టల పొట్లం విప్పనైనా లేదు.

పడవలు వచ్చాయి. తూకం వేసే బొంగ్నే పిన్ని కాటా మీద పెట్టె పెట్టి మీట నొక్కింది. చీటీ తెల్లగా వచ్చింది. మళ్లీ నొక్కింది, మళ్లీ తెల్లదే. వెనక పెట్టెలు పేరుకుపోతున్నాయి.

"ఏమే బొంగ్నే, ఉత్త కాగితాలు పంచుతున్నావేంటి!" అని ఎవరో అరిచారు.

పిన్ని సహాయం నొక్కింది. 'కొత్త సభ్యులను చేర్చుకోవడం ఎలా' అని ప్రత్యక్షమైంది.

"నేనెవర్ని చేర్చుకోవాలే తల్లీ! ఉన్న మొగుణ్ణే భరించలేక చస్తుంటే!"

శాలంతా నవ్వులు. గ్యూరి మాత్రం మిషన్ దగ్గరికి పరుగెత్తింది. అది పెద్దాయన కోసం రాసిన పేజీ. ఇక్కడికెందుకొచ్చింది? తెర మీద పేరు చూసింది: తాక్. పక్క మిషన్ మీదా తాకే. అన్నీ తాకే. సొంత పేరుతో మిషన్ తెరవడమంటే ఆ శాలలో పెద్దాయన కుర్చీలో కూర్చున్నంత తప్పు. పైగా తప్పు జరిగితే ఆయన ఖాతాలో పోతుందని లోలోపల అందరికీ ఒక ధీమా.

ఆ పేరు తీసెయ్యమనే ధైర్యం ఎవరికుంది? పైగా నోరు తెరవకూడదు. కానీ రాయకూడదని ఆయన అనలేదుగా! గ్యూరి ఒక ఖాళీ పెట్టె బోర్లించి కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. మిషన్ ఎవరు నువ్వని అడగడమెందుకు, ఏం చేస్తున్నావని అడిగితే చాలదూ! ఆ ఆలోచనకే ఆమె వేళ్లు పరుగెత్తాయి. పేజీలన్నిటికీ ముందు ఒక్క ప్రశ్న అతికించింది: 'ఇప్పుడు మీరు చేస్తున్న పనేమిటి?' దాని కింద తూకం, వేలం, లెక్కలు అని మూడు మీటలు పెట్టి అన్ని మిషన్లకూ పంపింది.

పిన్ని విసుక్కుంటూ మళ్లీ నొక్కింది. "ఇదిగో, ఇప్పుడు మర్యాదగా అడుగుతోంది!" అంటూ తూకం మీద వేలు పెట్టింది. 'చీటీ తెల్లగా వస్తోందా? కాగితం చుట్టను తిరగేసి పెట్టండి.' తిరగేసింది. అంకెలు నల్లగా నిగనిగలాడుతూ వచ్చాయి. వేలం గంట మోగింది. గ్యూరి ఉన్నచోటే గంతేసింది, ఎవరు చూస్తున్నారో కూడా పట్టించుకోలేదు.

సరుకంతా అమ్ముడయ్యాక తాక్ వచ్చాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మీ ప్రోగ్రాం ఉంచుతాంలే. ఇంకోమాట. నేనూ వెళ్లి నొక్కాను ఆ సహాయం. ఏం పని చేస్తున్నావంది. నాది తూకమూ కాదు, వేలమూ కాదు, లెక్కలూ కాదు. ఏం నొక్కాలో తోచలేదు."

"మీరు పెద్దవారు కదండీ..."

"పెద్దవాణ్ణే. మిషన్లన్నీ నా పేరుతోనే తెరుస్తారు. నాకు ఒక్కటీ తెరవడం రాదు. నాకూ ఒక పేజీ రాసిపెట్టు తల్లీ, మొదట్నుంచి, నిదానంగా. మావాళ్లకి చెప్పకేం."

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక పేజీ రాసిపెట్టమని గ్యూరిని అడిగిన మొదటి మనిషి ఆయనే. ఆమె గబగబా తలూపింది.