మంచినీళ్ళతో కడిగిన రాయి

సౌభాగ్యమ్మ చేతిలో పడితే ఎంతటి రాయైనా పిండి కావాల్సిందే. బందరు కాలేజీ జియాలజీ ల్యాబ్‌లో ఇరవై రెండేళ్లుగా అటెండరు. రాయిని దంచి, జల్లించి, పళ్ళెంలో నీళ్ళు పోసి ఊపుతూ ఊపుతూ మట్టిని వదిలిస్తే, అడుగున కంటికి ఆనీ ఆనని జిర్కాన్ గింజలు మిగులుతాయి. వాటిని మిషన్లో పెడితే రాయి వయసు తెలుస్తుందట. పెద్ద చదువులవాళ్ళు కూడా "మీ చెయ్యి పడాలండీ" అని వచ్చి నిలబడేవారు. ఆ మాటకి ఆవిడ పొంగిపోయేది, దాచడమెందుకు.

సుచిత్ర గుడ్లవల్లేరు అమ్మాయి. ఆరేళ్లుగా పీహెచ్‌డీ అంటూ నానా అవస్థలూ పడుతోంది. గోదావరి అవతల కొండల్లో, తొలినాటి రాక్షసబల్లుల ఎముకలు దొరికిన పొరని ఆనుకుని ఉన్న అగ్నిపర్వతపు బూడిదరాయి తెచ్చింది. దాని వయసు తేలితే ఆ జంతువులు ఎప్పటివో తేలుతుంది. ఆ చోటు కాస్తా రిజర్వాయర్లో మునిగిపోయింది. మిగిలింది ఈ రెండు కిలోలే.

"మొత్తం దంచెయ్యండమ్మా. బోరునీళ్ళు మాత్రం తగలనివ్వకండి, మంచినీళ్ళతోనే కడగండి" అని ఫోన్లో చెప్పింది.

సౌభాగ్యమ్మది అవనిగడ్డ అవతల పల్లె. అక్కడ బోరు వేస్తే ఉప్పు. ఆవిడకి ఊహ తెలిసినప్పట్నుంచీ మంచినీళ్ళంటే కాలవలో వచ్చే కృష్ణ నీళ్ళే. ల్యాబ్‌లో ఫిల్టరు పాడై వారమైంది, పట్టించుకున్న నాథుడు లేడు. ఆవిడే కాలవ మెట్లు దిగి బిందెలు మోసింది. పటిక వేద్దామనుకుని, రాయికి మందు తగలకూడదని మానేసింది. పాత చీర రెండు మడతలేసి వడకట్టింది. అంత శ్రద్ధగా ఇంట్లోవాళ్ళకి కూడా నీళ్ళు పట్టలేదు.

రెండు నెలలకి ఫలితాలొచ్చాయి. సుచిత్ర లాప్‌టాప్ పట్టుకుని ల్యాబ్‌కి వచ్చింది. నిద్ర లేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎముకలు ఇరవై కోట్ల ఏళ్ల పైమాటమ్మా. ఇందులో ఆరున్నర కోట్ల ఏళ్ల గింజలు రెండొచ్చాయి. తర్వాత పుట్టినవి ఆ రాయిలోకెలా వెళ్తాయి? ఆ రెండూ తీసేసి రాసేస్తాను. శుక్రవారం సబ్మిట్ చెయ్యకపోతే నా రిజిస్ట్రేషన్ పోతుంది."

"ఎలా వచ్చాయంటారు?"

"నీళ్ళలో ఒండ్రు ఉంటే వస్తాయి. కృష్ణ ఎన్ని కొండల ఇసక మోసుకొస్తుందో. మనం వాడింది ఫిల్టరు నీళ్ళు కదా, అదే అర్థం కావట్లేదు."

సౌభాగ్యమ్మ స్టూలు పట్టుకుని కూర్చుంది. తప్పు తనదేనని తెలిసిపోయింది. నోరు మూసుకుంటే ఈ పిల్ల గట్టెక్కుతుంది, తన పేరూ నిలుస్తుంది. అడిగేవాడెవడు? కానీ రెండు గింజలొచ్చిన దారిన ఇంకెన్ని వచ్చాయో. తప్పుడు వయసు ఆ పిల్ల పేరు మీద అచ్చవుతుంది. ప్రభువా, ఏం చేశాను అని లోపల్లోపలే ఏడ్చింది.

"కాలవ నీళ్ళండి" అంది చివరికి. "మంచినీళ్ళన్నారుగా. నేనే మోశాను."

సుచిత్ర తిట్టలేదు. తిట్టినా బావుండేది.

"రాయి ఏమన్నా మిగిలిందా అమ్మా?"

"పిడికెడు కూడా లేదండి. మొత్తం దంచేశాను."

సుచిత్ర లాప్‌టాప్ మూసేసింది. తర్వాత ఫోన్ తీసి గైడుకి కలిపింది.

"సార్, శుక్రవారం నేను సబ్మిట్ చెయ్యట్లేదండి. ఆ రాయి వయసు ఇక ఎవరికీ తెలీదు."