పూర్తి రేటుకే కొన్నాం అన్నయ్యా

నిన్న పొద్దున ఫోన్‌లో "ప్రసాద్ అన్నయ్య" అని కనిపించగానే, మళ్ళీ ఏదో ఆఫర్ తగిలినట్టుంది అనుకున్నాను.

"చెప్పు అన్నయ్యా, ఈసారి ఏ సైట్‌లో?" అన్నాను నవ్వుతూనే.

అవతల వదిన.

"మీ అన్నయ్య లేరమ్మా" అంది.

ఎక్కడికెళ్ళారు వదినా అని అడిగాను. నిజంగానే అడిగాను. నాకు అర్థం కాలేదు.

స్నానం చేసొచ్చి మంచం మీద కూర్చున్నాడట. షాపుకి టైమవుతోంది, టిఫిన్ పెట్టు అన్నాడట. వదిన ప్లేటు తెచ్చేసరికి పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు. గుండెపోటు.

ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ప్రసాద్ అన్నయ్య మా పెద్దమ్మ కొడుకు. ఆటోనగర్‌లో బేరింగుల షాపు. ఇల్లు గడిచేది దాంతోనే. కానీ ఆయన పిచ్చి వేరే. చుట్టాల్లో, స్నేహితుల్లో ఎవరు చిన్న వ్యాపారం మొదలుపెట్టినా వాళ్ళకో డాట్ కామ్ పేరు చవగ్గా ఇప్పించాలి. అంతవరకూ నిద్రపోడు.

"ఇంటర్నెట్‌లో మన పేరు మన చేతిలో ఉండాలమ్మా. ఇంకొకడు తీసేసుకున్నాక నెత్తీ నోరూ కొట్టుకున్నా రాదు" అనేవాడు.

ఆ పేర్లమ్మే సైట్లన్నీ పక్కపక్కన తెరిచి, కూరగాయల బేరం ఆడినట్టు ఆడేవాడు.

"మొదటి ఏడాది ఊరికే ఇచ్చినట్టు ఇస్తాడు, రెండో ఏడాది తోలు తీస్తాడు. రెన్యువల్ రేటు చూడకుండా నొక్కావంటే నీ ఖర్మ. అక్కర్లేని సర్వీసులకి ఆ టిక్కులన్నీ వాడు పెట్టినవే, ముందవి పీకెయ్."

నేను చీరల వ్యాపారం మొదలుపెట్టినప్పుడు చల్లపల్లిలో మా ఇంటికొచ్చాడు. వస్తూనే "పళ్ళెంలో బియ్యం పొయ్యండి" అన్నాడు.

ఎందుకురా బాబూ అంది మా అత్తయ్య.

"పేరు పెడుతున్నాం కదండీ అత్తయ్యగారూ. బారసాల చెయ్యొద్దా?"

అవును మరి. పిల్లలకి పేరు పెడితే బియ్యంలో రాస్తాం కదా. ఆయన ఈ డాట్ కామ్ పేరుకి, అదే డొమైన్‌కి కూడా రాయించేవాడు. అందరికీ అంతే. ఇంగ్లీషులో పేరు, చివర డాట్ కామ్. ఆ డాట్ దగ్గర ఒక కందిపప్పు బద్ద. బద్ద మాత్రం ఎవర్నీ పెట్టనిచ్చేవాడు కాదు, అది తన డ్యూటీ అట.

మా సైట్‌కి అత్తయ్య పేరే పెట్టాం. జీవితమంతా మగ్గం మీద కూర్చున్న మనిషి ఆవిడ. ఇంగ్లీషు అక్షరాలు రావు. అన్నయ్య ఆవిడ వేలు పట్టుకుని ఒక్కొక్క అక్షరం రాయించాడు. అత్తయ్య ఒకటే సిగ్గు, ఒకటే నవ్వు.

అక్కడ స్క్రీన్ మీద ఆఫర్ టైమర్ పరిగెడుతోంది. డబ్బు కట్టబోతుంటే అత్తయ్య చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు నాయనా, దుర్ముహూర్తం నడుస్తోంది. అది వెళ్ళాక నొక్కు."

ఇంకెవరైనా అయితే కసిరేవాళ్ళు. అన్నయ్య ఆగాడు. దుర్ముహూర్తం వెళ్ళింది, ఆఫరూ వెళ్ళింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆయన మాత్రం కాఫీ అడిగి, తాపీగా తాగుతూ ఆ సైట్ వాళ్ళతో చాట్ మొదలుపెట్టాడు. "సర్, పెద్దావిడ సెంటిమెంట్ సర్, కొంచెం చూడండి సర్ ప్లీజ్." అది మనిషి కాదు అన్నయ్యా, మెషీన్ అన్నాను.

"అయితే ఏం? మర్యాదగా అడిగితే మన సొమ్మేం పోద్ది?"

కూపన్ ఇచ్చింది ఆ మెషీన్! ముందు రేటు కన్నా తక్కువకే వచ్చింది. అత్తయ్య ముహూర్తబలం అంది. అన్నయ్య కూడా అవునవును అన్నాడు.

ఇన్ని పేర్లు ఇప్పించిన మనిషికి, తన పేరే పెట్టుకున్న షాపుకి డొమైన్ లేదు. ఎప్పుడడిగినా ఒకటే మాట. "మన పేరు ఎవడెత్తుకెళ్తాడే? మంచి ఆఫర్ రానీ."

ఈ మధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోందన్నాడు. చెకప్‌కి వెళ్ళమని వదిన పోరు పెట్టింది. నేనూ ఫోన్ చేసి గట్టిగా అడిగాను.

"దసరాకి హాస్పిటల్ వాళ్ళు ఫుల్ బాడీ చెకప్ మీద ఆఫర్ పెడతారంట. అప్పుడు చేయించుకుంటాలే. ఈలోపు ఏమవుద్ది?"

ఏమైందో చూశావా అన్నయ్యా.

మా అందరి విషయంలో పనయ్యేదాకా నిద్రపోయేవాడివి కాదే. నీ దగ్గరికొచ్చేసరికి అంత తాపీ ఎందుకయ్యా నీకు? కోపం వస్తోంది నాకు. చాలా కోపం వస్తోంది.

నిన్న సాయంత్రం భవానీపురంలో వాళ్ళ ఇంటి ముందు పడుకోబెట్టారు. అందరం వరసగా నోట్లో బియ్యం వేశాం. అప్పుడు ఆయన పట్టుకుని రాయించిన ఆ వేళ్ళతోనే అత్తయ్య కూడా వేసింది. "నా చేత పేరు రాయించిన బిడ్డవి కదరా" అని అక్కడే కూలబడిపోయింది. నా వల్ల కాలేదు, పక్కకి వెళ్ళిపోయాను.

ఇవాళ ఆయన కూతురు హర్షిత, నేను ఆయన లాప్‌టాప్ తెరిచాం. "నాన్న పేరుతో డాట్ కామ్ తీసుకుందాం అత్తా" అంది. షాపు రేపెవరు చూస్తారో తెలీదు. అయినా సరే అన్నాను. 

కూపన్ వెతకలేదు. దుర్ముహూర్తం చూసుకోలేదు. పూర్తి రేటు కట్టేశాం. మైల కాబట్టి బియ్యం పొయ్యలేదు. హర్షిత లేచి వంటింట్లోకి వెళ్ళి ఒక కందిపప్పు బద్ద తెచ్చి, వాళ్ళ నాన్న ఫోటో ముందు పెట్టింది.

నువ్వన్నది నిజమే అన్నయ్యా. నీ పేరు ఎవరూ ఎత్తుకెళ్ళలేదు. అలాగే ఉంది.

నువ్వే లేవు.

వెళ్ళిరా అన్నయ్యా. ఇంక ఏ టైమరూ లేని చోట హాయిగా, ప్రశాంతంగా ఉండు. 🙏