పెద్ద డ్రమ్ము మీద అన్నయ్య చేతులు

చెల్లెలి పెళ్ళిరోజు నా డైరీలో ఎండ ఎలా కాసిందో ఉంది, ఎవరెవరు వచ్చారో ఉంది, వంకాయ కూరలో ఉప్పు ఎక్కువైందని కూడా ఉంది. నేనెంత భయపడ్డానో మాత్రం లేదు. నా డైరీ ఇంట్లో అందరూ తీసి చదివేవారు. అందుకని రాయలేదు. ఇప్పుడు చదివేవాళ్ళెవరూ మిగల్లేదు కనక రాస్తున్నాను.

యుద్ధం రోజులు. మా గంజాం జిల్లా మదరాసు నుంచి విడిపోయి ఒరిస్సా అనే కొత్త రాష్ట్రంలో చేరి కొన్నేళ్ళయింది. నేను మా ఊరి బడా బజారులో ఒక బట్టల కొట్టు గుమాస్తాని. సాయంత్రాలు హల్దియాపదర్ తోటలో బ్యాండు సాధనకి వెళ్ళేవాణ్ణి. మా మాస్టారు పటాలం బ్యాండులో పనిచేసి వచ్చిన మనిషి. ఆయన సొంతంగా ఒక విమానం పాట కట్టారు. మొదట పెద్ద డ్రమ్ము మెల్లగా, లోతుగా మోగాలి. అది ఇంజను. దానికి చిన్న డ్రమ్ము గరగర తోడవుతుంది. ఇత్తడి బాకాలు నేలమీద పరుగెడతాయి. అప్పుడు క్లారినెట్లు ఒకదాని మీదుగా ఒకటి పైకి, ఇంకా పైకి. వినేవాళ్ళకి తెలియకుండానే మొహాలు ఆకాశం వైపు తిరిగేవి. మొదటిసారి అది పూర్తిగా కుదిరిన రోజున నా కాళ్ళు నేలని వదిలాయనిపించింది. ఆ పెద్ద డ్రమ్ము వాయించేది నేనే.

ఆ ఏడే అన్నయ్య రంగూను నుంచి వచ్చాడు. అక్కడ బియ్యం మిల్లులో పని. బాంబులు పడ్డాక అడవుల్లోంచి, కొండల మీంచి నడిచి, కాళ్ళకి గోనెగుడ్డలు చుట్టుకుని ఇంటికి చేరాడు. గోపాల్‌పూర్ వైపు ఏ విమానం వెళ్ళినా పక్కనున్న మనిషిని లాగి కింద పడేసి, పైన బోర్లా పడుకునేవాడు. కాపాడాలనే. అలా అమ్మ మోచేయి రెండుసార్లు చెక్కుకుపోయింది. ఒకరోజు బజారులో కూరలమ్మే ఒడియా ఆవిణ్ణి అలాగే పడేశాడు. జనం కొట్టడానికి మీద పడితే, "రంగూను జ్వరమండీ" అని బతిమాలి ఇంటికి తెచ్చాను. చెల్లెలికి సంబంధం కుదిరిన పాత్రపూర్ పెళ్ళివారికీ అదే చెప్పాం. జ్వరమని, తగ్గిపోయిందని. ఇంట్లో పిచ్చివాడున్నాడని తెలిస్తే ఆ సంబంధం నిలిచేది కాదు.

పెళ్ళిరోజు అన్నయ్యని గదిలో దాచడానికి లేదు. నాన్న లేడు కనక గుమ్మం దగ్గర పెళ్ళికొడుకు కాళ్ళు కడగవలసింది అతనే. బ్యాండువాళ్ళు నా కోసం డబ్బు తీసుకోకుండా, భోజనానికే వచ్చి వాయిస్తామన్నారు. వద్దనలేకపోయాను. విమానం పాట ఒక్కటీ వద్దని ముందురోజు మాస్టారి కాళ్ళావేళ్ళా పడ్డాను.

"పెళ్ళివారు అడక్కపోతే వాయించం. అడిగితే ఎలా కాదంటానురా?" అన్నారాయన.

డ్రమ్ము నేనే వాయిస్తానన్నాను. నా చేతిలో ఉంటే చప్పుడు తగ్గించుకోవచ్చని నా ఆశ.

రాత్రిళ్ళు దీపాలు పెట్టకూడదని సర్కారు ఆజ్ఞ కాబట్టి ఊరేగింపు పొద్దుండగానే జరిగింది. పెట్రోలు దొరకని రోజులు కనక బొగ్గుతో నడిచే పెళ్ళివారి బస్సు ఊరి బయటే ఆగిపోయింది. దాన్ని తోసుకుంటూ చెమటలతో వచ్చారు. పందిట్లోకి వస్తూనే పెళ్ళికొడుకు మేనమామ నడుం మీద చేతులు పెట్టి నిలబడ్డాడు.

"ఏటి మాస్టరూ, ఇమానం పాటంట గదా మీది! అది ఇనకుండా మా వోడు గుమ్మం ఎక్కడు."

"కాళ్ళు కడిగినాక వాయిస్తాం మావా," అన్నాను.

"అదేటి, ఇమానం దిగినాక ఇంజను ఏస్తారేటి? ఏసీండి, ఏసీండి!"

మాస్టారు నా వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుని కర్ర ఎత్తారు.

అన్నయ్య ఇత్తడి చెంబు పట్టుకుని వంగి ఉన్నాడు. పెళ్ళికొడుకు పీట మీద నిలబడ్డాడు. ఇద్దరికీ మధ్య మూరెడు దూరం లేదు. కింద కళ్ళాపి చల్లిన తడి నేల. నేను వేళ్ళతో తట్టినట్టు మొదలుపెట్టాను. మాస్టారు పెద్దగా అని సైగ చేశారు. చిన్న డ్రమ్ము అందుకుంది. అన్నయ్య మెడ నరాలు బిగుసుకోవడం అక్కడి నుంచే కనిపించింది. చెంబు జారి నీళ్ళు ఒలికిపోయాయి. అయిపోయింది, పెళ్ళికొడుకుని పడేస్తాడు అనుకున్నాను. ఆపుదామనుకున్నాను. చేతులు ఆగలేదు. సాధన చేసిన చేతులు, నా మాట వినలేదు.

అన్నయ్య లేచాడు. ఆకాశంలోకి చూశాడు. అక్కడ ఏమీ లేదు. చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో వెతుక్కుంటూ తల తిప్పి, నా వైపు నడిచాడు. నన్నే పడేస్తాడని కళ్ళు మూసుకున్నాను. డ్రమ్ము గొంతు ఒక్కసారిగా ఆగిపోయింది. కళ్ళు తెరిస్తే, డ్రమ్ముని రెండు వైపులా అరచేతులతో అదిమి పట్టుకుని నిలబడ్డాడు. అతని మొహం నా మొహానికి ఎదురుగా ఉంది.

"నువ్వేనేటిరా?" అన్నాడు నెమ్మదిగా. "ఈ సప్పుడు నువ్వేనేటి సేస్తన్నావు?"

తల ఊపాను.

క్లారినెట్లు ఆగలేదు. ఇంజను లేకుండానే పైకి వెళ్తున్నాయి, పావురాలు లేచినట్టు. ఆ పాట అంత తేలిగ్గా ఉంటుందని అప్పటిదాకా నాకు తెలీదు.

పెళ్ళికొడుకు మేనమామకి నచ్చలేదు. "ఏటి నాయనా, ఇంజను ఆపేసినావు?"

పందిరంతా అన్నయ్య వైపు తిరిగింది. అమ్మ గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్నయ్య వెనక్కి తిరగలేదు. చేతులూ తియ్యలేదు.

"మీ బస్సుకే పెట్రోలు లేదు గదా మావా," అన్నాడు. "మా ఇమానానికి ఎక్కణ్ణుంచి తెస్తాం?"

బస్సు తోసి వచ్చినవాళ్ళు ముందు నవ్వారు. తర్వాత మేనమామ కూడా నవ్వాడు. ఆ తరువాత పాత్రపూర్‌లో అన్నయ్య పేరు పెట్రోలు బావ అయిపోయింది. పోయేదాకా అదే పేరు.

వాళ్ళు నవ్వుతున్నంతసేపూ డ్రమ్ము నా పొట్టకి ఆనుకునే ఉంది. అన్నయ్య చేతులు వణుకుతున్నాయి. ఆ వణుకు తోలులోంచి, చెక్కలోంచి వచ్చి నా కడుపులో మోగుతోంది. పందిట్లో అది ఇంకెవరికీ వినపడలేదు. క్లారినెట్లు చివరి స్వరం దాకా వెళ్ళి ఆగేవరకూ అతను చేతులు తియ్యలేదు. నేను కర్ర ఎత్తలేదు. అప్పుడు అన్నయ్య పీట దగ్గరికి వెళ్ళి, వంగి ఖాళీ చెంబు తీసుకుని, నీళ్ళ కోసం బావి వైపు వెళ్ళాడు.